రాయలసీమ విద్యార్థి ఆహార పరిశ్రమలో ఉద్యోగం సంపాదించడం ఎలా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: ఫుడ్ టెక్నాలజీలో సీటు వస్తే చేర్పించవచ్చా, చదువు పూర్తయ్యాక ఉద్యోగం దొరుకుతుందా? దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్పడం కష్టం. ఆహార పరిశ్రమలో ఉద్యోగాలు ఉన్నాయి గాని అవన్నీ ఒకే రకం ఉద్యోగాలు కావు. ఒక పనిలో రాణించే మనిషి మరొక పనిలో ఆరు నెలలు కూడా నిలవలేకపోవచ్చు. అందుచేత ఏ కోర్సులో చేరాలన్న ప్రశ్నను కాస్త పక్కన పెట్టి, ఫ్యాక్టరీలో ఏ చోట నిలబడి పనిచేయగలరో ముందు తేల్చుకోవడం మంచిది.

అంతకంటే ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. ఫుడ్ టెక్నాలజీ అంటే వంట నేర్పే చదువని ఇంకా చాలామంది అనుకుంటున్నారు. 'సంగటి కెలకడానికి నాలుగేళ్ల బీటెక్ ఎందుకు, మీ అవ్వ నేర్పదా' అని ఎకసెక్కం చేసే బంధువు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. హోటల్ మేనేజ్‌మెంట్ వేరు, ఆసుపత్రిలో రోగికి పథ్యం నిర్ణయించే డైటీషియన్ చదువు వేరు. పండిన పంట చెడిపోకుండా, కలుషితం కాకుండా, ప్రతి ప్యాకెట్టూ ఒకే నాణ్యతతో, చట్టం గీసిన హద్దుల్లో, గిట్టుబాటయ్యే ఖర్చుతో తినేవారి చేతికి చేరేలా చూడటం ఆహార శాస్త్రం పని. రసాయన శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం, ఇంజనీరింగ్ మూడూ ఇందులో కలిసి ఉంటాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కదాని మీదా ఆసక్తి లేనివారు ఈ దారికి రాకపోవడమే మేలు.

ముందు పని తేల్చుకోండి

కొత్తగా చేరేవారికి దొరికే ఉద్యోగాలు చాలావరకు మూడు చోట్ల ఉంటాయి: యంత్రాల దగ్గర, ల్యాబులో, ఫైళ్ల దగ్గర.

యంత్రాల దగ్గర చేసేది ప్రొడక్షన్ పని. షిఫ్టు మొదలైనప్పటి నుంచి ముగిసే వరకు నిలబడే ఉండాలి, ముప్పై నలభై మంది కార్మికులతో పని చేయించాలి, యంత్రం ఆగితే మెకానిక్ వచ్చేలోగా లోపల ఉన్న సరుకు ఏమవుతుందో ఆలోచించాలి. డెయిరీ ఉదాహరణ చూడండి. పాలను 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్ల పాటు ఉంచితే పాశ్చరైజేషన్ పూర్తవుతుంది; వేడి ఆ గీత కంటే కిందికి దిగిన క్షణంలోనే ఒక వాల్వు తెరుచుకుని పాలను వెనక్కి మళ్లించాలి. ఆ వాల్వు సరిగ్గా పనిచేస్తున్నదా లేదా అని ప్రతి షిఫ్టులోనూ చూసుకోవలసింది ప్రొడక్షన్ వారే. మనుషులతో మాట్లాడి పని రాబట్టగలిగినవారికి, రాత్రి షిఫ్టుకు వెనుకాడనివారికి ఇది మంచి దారి. మేనేజరు స్థాయికి తొందరగా ఎదిగేది కూడా, నేను చూసినంతవరకు, ఈ దారిలో వచ్చినవారే.

ల్యాబు పని ఓపిక అడుగుతుంది. వచ్చిన ప్రతి లోడు నుంచి శాంపిలు తీయడం, తేమ, ఆమ్లత్వం, బ్రిక్స్ (రసంలో కరిగిన చక్కెర కొలత), నూనె ఎంత చెడిందో చెప్పే ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్, పెరాక్సైడ్ విలువ వంటివి కొలవడం, సూక్ష్మజీవుల సంఖ్య లెక్కించడం, అంకెలను రిజిస్టరులో దిద్దుబాట్లు లేకుండా రాయడం దినచర్య. ఫ్యాక్టరీ సొంత ల్యాబులే కాక, ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు పొందిన ప్రైవేటు పరీక్షా కేంద్రాలు హైదరాబాదు, బెంగళూరు నగరాల్లో ఎన్నో ఉన్నాయి. పెద్ద యంత్రాల మీద చేయి తిరగాలంటే అక్కడ రెండేళ్లు పనిచేయడం అన్ని విధాలా లాభం.

మూడోది ఫైళ్ల పని. చాలామంది దీన్ని గుమాస్తా పనిగా చిన్నచూపు చూస్తారు గాని, పరిశ్రమలో అనుభవంతో పాటు విలువ పెరిగేది దీనికే. క్వాలిటీ అష్యూరెన్స్, రెగ్యులేటరీ విభాగాలు దీని కిందికి వస్తాయి. ఆహారానికి ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి అడ్డుకునే హాసప్ ప్రణాళిక తయారు చేయడం, ఆహార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 22000 ఆడిట్‌కు ఫ్యాక్టరీని సిద్ధం చేయడం, ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సులు చూసుకోవడం, లేబుల్ మీద ప్రతి మాటా నిబంధనలకు సరిపోతున్నదో లేదో పరిశీలించడం ఇందులో భాగాలు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడంలో, స్పష్టంగా రాయడంలో పట్టు ఉంటే తప్ప ఈ పనిలో నెగ్గుకురాలేరు.

ఇవి కాక కొత్త ఉత్పత్తుల తయారీ, ప్యాకేజింగ్, రుచి పరీక్ష, ముడిసరుకు కొనుగోలు, ఎగుమతులు, ధ్రువీకరణ సంస్థల్లో ఆడిటర్ వంటి పనులు ఉన్నాయి. వీటిలో చాలావాటికి అనుభవం లేనివారిని అరుదుగానే తీసుకుంటారు కనుక మొదటి ఉద్యోగం విషయంలో వాటి గురించి ఎక్కువ ఆలోచించనక్కర లేదు. కొనుగోలు విభాగం మాత్రం కొంత మినహాయింపు: మండీలో బేరం ఎలా సాగుతుందో, రైతు ఎప్పుడు అమ్ముతాడో, ఏ నెలలో సరుకు తేమగా వస్తుందో తెలిసిన రైతుబిడ్డకు అక్కడ నగరపు విద్యార్థి కంటే అవకాశం ఎక్కువ.

కోర్సు సంగతి

ఎంపీసీ చదివి ఈఏపీసెట్ రాసిన విద్యార్థికి మన దగ్గరే మంచి అవకాశం ఉంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి బాపట్లలోను, కడప జిల్లా పులివెందులలోను ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాలలు ఉన్నాయి. డెయిరీ వైపు వెళ్లాలనుకునేవారికి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. జేఈఈ మెయిన్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకు వచ్చినవారు హర్యానాలోని కుండ్లి, తమిళనాడులోని తంజావూరుల్లో ఉన్న, ఆహార సాంకేతికతకు ప్రత్యేకించిన నిఫ్టెమ్ సంస్థలను తప్పకుండా పరిశీలించాలి. ఈ రెండింటినీ 2021లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థలుగా ప్రకటించారు.

బీటెక్ సీటు రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ సబ్జెక్టులతో స్థానిక డిగ్రీ కళాశాలలో బీఎస్సీ చేసి, ఆ తరువాత ఎమ్మెస్సీకి మంచి సంస్థలో చేరినవారు పరిశ్రమలో ఎందరో ఉన్నారు. 1950లో మైసూరులో నెలకొల్పిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐలో ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ సీటు కోసం ప్రవేశ పరీక్షకు సిద్ధపడటం, ఖరీదైన ప్రైవేటు బీటెక్ కోసం అప్పు చేయడం కంటే మేలని నా అభిప్రాయం. పోషకాహారం వైపు మొగ్గు ఉన్నవారికి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. బీటెక్ తరువాత పై చదువులకు వెళ్లాలనుకుంటే గేట్ పరీక్షలో ఫుడ్ టెక్నాలజీ రెండు చోట్ల కనిపిస్తుంది: లైఫ్ సైన్సెస్ పేపరులో ఒక విభాగంగా, ఇంజనీరింగ్ సైన్సెస్ పేపరులో ఒక విభాగంగా. మొదటిదానిలో కెమిస్ట్రీ తప్పనిసరి, రెండోదానిలో ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్ తప్పనిసరి. మీ బలం ఎటు ఉందో చూసుకుని పేపరు ఎంచుకోండి.

ప్రైవేటు కళాశాలలో చేరే ముందు ఒకసారి స్వయంగా వెళ్లి పైలట్ ప్లాంటు (విద్యార్థులు పని నేర్చుకునే చిన్న నమూనా ఫ్యాక్టరీ) చూపించమని అడగండి. బాయిలరు ఉందా, గుజ్జు తీసే పల్పరు, డ్రయ్యరు, డబ్బా మూసే సీమింగ్ మిషను విద్యార్థులు వాడిన గుర్తులతో ఉన్నాయా, లేక ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉన్నాయా అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ప్రాస్పెక్టస్‌లో రాసిన ప్లేస్‌మెంట్ల జాబితా కంటే ఈ రెండు నిమిషాలు ఎక్కువ చెబుతాయి.

మీ జిల్లా పంటను క్షుణ్ణంగా తెలుసుకోండి

ఇంటర్వ్యూలో అందరు విద్యార్థులూ ఒకే పాఠ్యపుస్తకపు జవాబులు చెబుతారు. ఒక పంటను పొలం నుంచి ప్యాకెట్టు దాకా అంకెలతో సహా చెప్పగలిగినవాడు మాత్రం వేరుగా కనిపిస్తాడు. రాయలసీమ విద్యార్థికి అలాంటి పంటను వెతుక్కోవలసిన అవసరం లేదు. అనంతపురంలో వేరుశనగ, చీనీ (బత్తాయి), కర్నూలులో ఉల్లి, టమాట, కడపలో అరటి, పసుపు కళ్లెదుటే ఉన్నాయి. వేరుశనగనే తీసుకుని ఎంత లోతుగా చదవాలో చెబుతాను.

వేరుశనగకు పెద్ద శత్రువు అఫ్లాటాక్సిన్. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారు చేసే విషం ఇది. కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. బూజు గోదాములోనే పడుతుందని చాలామంది అనుకుంటారు గాని అది పూర్తి నిజం కాదు. కాయ ఊరే చివరి వారాల్లో వాన మొహం చాటేస్తే, భూమి వేడెక్కి, మొక్క డస్సిపోయి, బూజు పొలంలో ఉండగానే కాయలోకి చొరబడుతుంది. అనంతపురం రైతుకు ఈ చివరి వారాల ఎండ కొత్త కాదు కనుక సమస్య ఇక్కడ ఎందుకు తీవ్రమో వేరే చెప్పనక్కర లేదు. పీకిన తరువాత కట్టెను సరిగ్గా ఆరబెట్టకపోయినా, తడిసిన కాయలను కుప్ప వేసినా, తూకం పెరగాలని, కాయలు కొట్టేటప్పుడు గింజ పగలకూడదని నీళ్లు చల్లినా బూజు పెరుగుతుంది. గింజలో తేమ 7 నుంచి 8 శాతానికి దిగేదాకా ఆరబెట్టి, పొడిగా నిలువ చేస్తే గోదాములో బూజు పెరగడం ఆగుతుంది. పొలంలోనే చేరిన విషం మాత్రం ఆరబెట్టినంత మాత్రాన పోదు. మామూలు వేయింపుతో, ఉడకబెట్టడంతో కూడా అది పూర్తిగా తొలగిపోదు.

ఇక అంకెలు. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. అందులోనూ బీ1 అనే రకం 2 మైక్రోగ్రాములు మించకూడదు. మరింత శుద్ధి చేయడానికి పంపే వేరుశనగకు అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం 15 మైక్రోగ్రాములు. 4 మైక్రోగ్రాములంటే టన్ను గింజల్లో 4 మిల్లీగ్రాములు. ఈ విషం బస్తా అంతటా సమంగా ఉండదు. వేల గింజలు శుభ్రంగా ఉండి, బూజు పట్టిన కొద్ది గింజల్లోనే మొత్తం విషం పోగుపడి ఉంటుంది. అందుకే పిడికెడు గింజలు తీసి పరీక్షిస్తే వచ్చే ఫలితానికి అర్థం లేదు. యూరప్ నిబంధనల ప్రకారం పెద్ద లాటు నుంచి వంద చోట్ల 200 గ్రాముల చొప్పున తీసి, ఆ 20 కిలోలను కలిపి, మెత్తగా నూరి, అందులోంచి పరీక్షకు తీసుకోవాలి. పరీక్షలో తప్పు జరిగితే అది చాలాసార్లు యంత్రం దగ్గర కాదు, శాంపిలు తీసిన చోటే జరిగి ఉంటుంది. ఈ ఒక్క సంగతి అర్థమైన విద్యార్థిని ల్యాబు మేనేజరు వెంటనే గుర్తుపడతాడు.

మిల్లులో ఒక గంట నిలబడి చూస్తే మిగతాది తెలుస్తుంది. తొక్క తీసిన గింజలు జల్లెళ్ల మీద సైజుల వారీగా విడిపోయి, రంగును బట్టి ఏరే యంత్రం గుండా వచ్చి, చివరికి బెల్టు మీద పరుచుకుంటాయి. బెల్టుకు రెండు వైపులా కూర్చున్న ఆడవాళ్లు నల్లబడినవి, ముడతపడినవి, పగిలినవి, మొలకెత్తినవి ఏరి పక్క డబ్బాలో వేస్తుంటారు. చేతులు ఎంత వేగంగా కదులుతాయంటే చూసే కంటికి అందదు. ఆ డబ్బాలోకి చేరిన గింజల్లోనే విషం ఎక్కువగా ఉంటుంది కనుక అవి ఎక్కడికి పోతున్నాయన్నది అడగవలసిన ప్రశ్న. అవి నూనెకు పోతే, రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసినప్పుడు నూనెలోని విషం తొలగిపోతుంది. శుద్ధి చేయని గానుగ నూనెలో కొంత మిగలవచ్చు. ఎక్కువ భాగం మాత్రం చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్కను పాడి ఆవు తింటే విషం ఎమ్1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. మన దేశంలో పాలకు దాని హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము. వేరుశనగ మిల్లులో మొదలైన కథ డెయిరీ ల్యాబులో తేలుతుందని చెప్పగలిగితే, మీకు ఆహార శాస్త్రం అబ్బిందని అర్థం.

చీనీ కూడా ఇంత పనీ చెబుతుంది. రసం తీసిన వెంటనే తియ్యగా ఉండి, కొన్ని గంటలు గడిచాక చేదెక్కుతుంది. పండు కణజాలంలో చేదు లేని రూపంలో ఉన్న పదార్థం, రసంలోని ఆమ్లం తగలగానే మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారడమే ఇందుకు కారణం. గింజలు, తెల్లటి లోతొక్క నలగకుండా రసం తీయడం, రెజిన్లు అనే గుళికల ద్వారా లిమోనిన్‌ను పీల్చివేయడం దీనికి ఉన్న మార్గాలు. పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయినప్పుడల్లా టమాటను గుజ్జు చేస్తే సరిపోతుందని అందరూ అంటారు. అలా అనేవారికి మీరు పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే అంకె; తగ్గే కొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.6 గీత గురించి చెప్పగలగాలి. ఆ గీతకు కింద ఉన్న ఆమ్ల పదార్థాలను మరిగే నీటి వేడిలో సురక్షితం చేయవచ్చు, పైన ఉన్నవాటిని డబ్బాలో మూసి మామూలు వేడిలో నిలువ ఉంచాలంటే బొటులినమ్ క్రిమి బీజాలను చంపడానికి 121 డిగ్రీల దగ్గర రిటార్టులో (ఒత్తిడితో వేడి చేసే పాత్రలో) వేడి చేయాలి. పండిన టమాట సాధారణంగా ఆ గీతకు కిందే, కానీ చాలా దగ్గరగా ఉంటుంది. అందువల్ల ప్రతి బ్యాచిలోనూ కొలవాలి.

శిక్షణ ఎక్కడ, ఎలా

రెండో సంవత్సరం వేసవి నుంచే ఫ్యాక్టరీలోకి అడుగు పెట్టాలి. నూనె మిల్లులు, నంద్యాల వైపు రైస్ మిల్లులు, పాల శీతలీకరణ కేంద్రాలు, మామిడి కాలంలో చిత్తూరు ప్రాంతంలోని గుజ్జు ఫ్యాక్టరీలు దగ్గరలోనే ఉన్నాయి. ఈమెయిలు పంపి ఎదురుచూడటం వల్ల ఫలితం తక్కువ. కళాశాల లెటరు తీసుకుని, పనివేళల్లో స్వయంగా వెళ్లి, క్వాలిటీ మేనేజరును కలిసి, 'సార్, నాలుగు వారాలు మీ ల్యాబులో శాంపిళ్లు తీసే పని చేస్తాను' అని స్పష్టంగా అడగండి. 'ఏదైనా నేర్పండి' అని అడిగేవారిని ఎక్కడ కూర్చోబెట్టాలో వారికి తెలియదు. గుజ్జు ఫ్యాక్టరీలకు సీజనులో చేతులు చాలవు కనుక మామిడి కోతల కాలంలో అవకాశం సులభంగా దొరుకుతుంది, పని కూడా ఒళ్లు వంచి చేయవలసి వస్తుంది.

లోపలికి వెళ్లేటప్పుడు ఉంగరాలు, గాజులు, గడియారం, మెడలో గొలుసు ఇంట్లోనే వదిలి వెళ్లండి, గోళ్లు కత్తిరించుకోండి. అడగకుండా ఫోటోలు తీయకండి. ప్రతిరోజూ ఒక చిన్న నోటుపుస్తకంలో మూడు సంగతులు రాసుకోండి: ఈ రోజు ఏ కొలత తీశాను, దాని హద్దు ఎంత, హద్దు దాటితే ఎవరు ఏం చేశారు. ఈ మూడో ప్రశ్నే ముఖ్యం. నాలుగు వారాల తరువాత ఆ పుస్తకం మీ ప్రాజెక్టు రిపోర్టు కంటే ఎక్కువగా ఉపయోగపడుతుంది. చాలా ప్రాజెక్టు రిపోర్టులు సీనియర్ల నుంచి సంక్రమించినవేనని ఇంటర్వ్యూ చేసేవారికి తెలుసు.

ఫ్యాక్టరీ దొరకనివారు కూడా ఇంటి దగ్గర చేయగలిగిన అభ్యాసం ఒకటుంది. వీధి చివర దుకాణంలో వేరుశనగ చిక్కీ ప్యాకెట్లు నాలుగైదు రకాలవి కొని, ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనలను ముందు పెట్టుకుని పోల్చి చూడండి. పదార్థాల జాబితా ఎక్కువ నుంచి తక్కువ క్రమంలో ఉందా, శాకాహార గుర్తు ఉందా, వేరుశనగ ఉన్నదన్న అలర్జీ హెచ్చరిక విడిగా రాశారా, 14 అంకెల లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ, నికర తూకం కనిపిస్తున్నాయా? తప్పులు తప్పకుండా దొరుకుతాయి. రెగ్యులేటరీ ఉద్యోగంలో మొదటి ఏడాది చేసే పని దాదాపు ఇదే.

సర్టిఫికెట్ల విషయంలో డబ్బు జాగ్రత్త. ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫాస్టాక్ శిక్షణ తక్కువ ఖర్చుతో అయిపోతుంది, ఉపయోగపడుతుంది. ప్రతి పాతికమంది పనివారికి ఒక శిక్షితుడైన సూపర్‌వైజరు ఉండాలన్న ఉద్దేశంతో అది నడుస్తున్నది. హాసప్, ఐఎస్ఓ 22000 ఇంటర్నల్ ఆడిటర్ శిక్షణ చివరి సంవత్సరంలో తీసుకోవచ్చు. ఐదు రోజుల లీడ్ ఆడిటర్ కోర్సుకు వేలకు వేలు పోయడం మాత్రం అనుభవం లేనివారికి దండుగ. ఫ్యాక్టరీలో పనిచేయని మనిషిని ఏ ధ్రువీకరణ సంస్థా ఆడిట్‌కు పంపదు.

ఇంటర్వ్యూ

ఆహార పరిశ్రమ ఇంటర్వ్యూలో నిర్వచనాల కంటే పరిస్థితులు ఎక్కువ అడుగుతారు. తరచుగా వచ్చే ప్రశ్న ఒకటి చెబుతాను. ప్యాకింగ్ లైను చివర మెటల్ డిటెక్టరు ఉంది. ఇనుము, ఇనుము కాని లోహం, స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కలను పంపి గంటకోసారి దాన్ని పరీక్షిస్తున్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు సరిగ్గా పనిచేసింది, మూడు గంటలకు స్టీలు ముక్కను పట్టలేదు. మీరేం చేస్తారు? 'డిటెక్టరును బాగు చేయిస్తాను' అన్నది చాలామంది చెప్పే జవాబు, అది సగం జవాబు కూడా కాదు. లైను ఆపి, డిటెక్టరు చివరిసారి సరిగ్గా పనిచేసిన మధ్యాహ్నం రెండు నుంచి ప్యాకయిన సరుకునంతా విడిగా పెట్టి, దాని మీద 'హోల్డ్' చీటీ అంటించి, పై అధికారికి తెలిపి, డిటెక్టరు సరయ్యాక ఆ సరుకునంతా మళ్లీ దాని గుండా పంపి, జరిగినదంతా సమయాలతో సహా రాయాలి. అప్పటికే లారీ ఎక్కిన పెట్టెలు ఉన్నాయా అని కూడా అడగగలిగితే ఉద్యోగం సగం వచ్చినట్టే.

రెజ్యూమెలో 'హార్డ్ వర్కర్', 'టీమ్ ప్లేయర్' అని రాసే చోట, చేసిన పరీక్షల పేర్లు, వాడిన యంత్రాల పేర్లు రాయండి. సాక్స్‌లెట్ పరికరం మీద నూనె శాతం తీశానని రాస్తే, ఏ ద్రావకం వాడావు, ఎన్ని గంటలు నడిపావు అని అడుగుతారు. చెప్పలేని సంగతి రాయకపోవడం మంచిది. ఇంగ్లీషులో తడబడినా పరవాలేదు, అంకెల్లో తడబడకూడదు.

జీతం సంగతి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. మొదటి ఉద్యోగంలో వచ్చే జీతం సాఫ్ట్‌వేరులో చేరిన స్నేహితుడి జీతంతో పోలిస్తే తక్కువే ఉంటుంది. వసతి, భోజనం, రవాణా కంపెనీ భరిస్తుందా, షిఫ్టు భత్యం ఉందా, ఆడపిల్లలకు రాత్రి షిఫ్టు ఉంటే వాహనం ఏర్పాటు ఎలా చేస్తారు అన్నవి చేరకముందే అడగవలసిన ప్రశ్నలు, వాటిని అడగడం తప్పేమీ కాదు. ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక ప్రాంతాల మీద ఆశలు పెట్టుకోవచ్చు గాని, మొదటి ఉద్యోగం కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో, శ్రీసిటీకో వెళ్లడానికి సిద్ధంగా ఉండటం వివేకం. రెండేళ్లు ఒకే చోట నిలబడితే ఆ తరువాతి ఉద్యోగం మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తుంది. ఆరు నెలలకోసారి మారిన రెజ్యూమెను మాత్రం అనుమానంతోనే చూస్తారు.

ప్రభుత్వ ఉద్యోగాలు

మన వైపు ప్రభుత్వ ఉద్యోగం మీద ఉండే మోజు తెలిసిందే. ఆహార రంగంలో దానికి ప్రధాన ద్వారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు పోస్టు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, దాని కింద 2011లో వచ్చిన నియమాల ప్రకారం ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, ఆయిల్ టెక్నాలజీ, వ్యవసాయ శాస్త్రం, పశువైద్యం, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ వీటిలో డిగ్రీ ఉన్నవారు అర్హులు. కెమిస్ట్రీకి మాత్రం మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: బీఎస్సీ కెమిస్ట్రీతో ఆగిపోయి, ప్రకటన వచ్చాక అర్హత లేదని తెలుసుకుంటారు. డిగ్రీలో చేరేటప్పుడే సబ్జెక్టు ఎంపికను ఈ జాబితాతో సరిచూసుకోండి. దరఖాస్తు చేసేటప్పుడు ఆ ఏటి ప్రకటనను పూర్తిగా చదవండి.

ఆ ఉద్యోగంలో చేసే పని దుకాణాలు, హోటళ్లు, ఫ్యాక్టరీలు తనిఖీ చేయడం, శాంపిళ్లు తీయడం. తీసిన శాంపిలును నాలుగు భాగాలు చేసి సీలు వేసి, ఒకటి ఫుడ్ ఎనలిస్టుకు, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసరుకు పంపుతారు. వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు పొందిన ల్యాబుకు వెళుతుంది. ఎనలిస్టు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. సీలులోనో, చీటీలోనో చిన్న లోపం దొర్లినా కేసు కోర్టులో వీగిపోతుంది కనుక పరీక్షకు చదివేటప్పుడు చట్టంలోని ఈ సెక్షన్లను కంఠస్థం చేయడంతో ఆపకుండా, ఒక శాంపిలు ప్రయాణంగా ఊహించుకుంటూ చదవండి. ఫుడ్ ఎనలిస్టు కావాలంటే నియమాల్లో చెప్పిన డిగ్రీ (చాలా సబ్జెక్టుల్లో మాస్టర్స్), ఆహార పరీక్షలో కనీసం మూడేళ్ల అనుభవం, ఆపైన ఎఫ్ఎస్ఎస్ఏఐ అర్హత పరీక్షలో ఉత్తీర్ణత ఉండాలి. అంటే ల్యాబులో చేసే ప్రైవేటు ఉద్యోగం కూడా ఆ దారిలో ఒక మెట్టే.

ప్రకటన వచ్చేదాకా కోచింగ్ సెంటరులో కూర్చుని సంవత్సరాలు గడపకండి. ఈ పోస్టులు తక్కువ, ప్రకటనల మధ్య ఎడం ఎక్కువ. పనిచేస్తూ చదివినవారికి చట్టం తొందరగా బుర్రకెక్కుతుంది, ఎందుకంటే తనిఖీకి అధికారి వచ్చిన రోజు ఫ్యాక్టరీలో ఏ రిజిస్టరు ముందు అడుగుతారో వారు కళ్లారా చూసి ఉంటారు.

సొంతంగా మొదలుపెట్టాలనుకునేవారికి

కొందరు ఉద్యోగం చేయకుండానే చిక్కీ, చట్నీ పొడులు, రాగి పదార్థాల తయారీ మొదలుపెట్టాలని వస్తారు. 2020లో కేంద్రం ప్రారంభించిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద చిన్న యూనిట్లకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు బ్యాంకు రుణంతో ముడిపడిన సబ్సిడీ నిర్ణయించారు. పథకం ప్రస్తుత స్థితిని జిల్లా కార్యాలయంలో కనుక్కుని అడుగు వేయాలి. కనీసం రెండేళ్లు వేరొకరి ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ తరువాతే అప్పు జోలికి వెళ్లమని నా సలహా. యంత్రం కొనేముందు చేయవలసిన పని మరొకటి ఉంది: తయారు చేసిన పదార్థాన్ని అమ్మబోయే ప్యాకెట్టులోనే మూసి, అనంతపురం ఏప్రిల్ ఎండ తగిలే గదిలో కొన్ని, మామూలు గదిలో కొన్ని పెట్టి, వారానికోసారి ఒక్కొక్కటి తెరిచి వాసన, రుచి, తేమ, పెరాక్సైడ్ విలువ రాసుకోండి. వేరుశనగ ఉన్న పదార్థాల్లో బూజు కంటే ముందు సిక్కువాసన వస్తుంది. అది ఎన్నో వారంలో వచ్చిందో తెలియకుండా ప్యాకెట్టు మీద గడువు తేదీ అచ్చు వేయకూడదు.